గాలియా? తీర్పా?

ఎన్నికల ఫలితములు వెలువడిన నాటి సాయంకాలము పల్లెలలో రచ్చబండల యొద్దను, పట్టణములలో కాఫీ హోటళ్ళలోను ఒకే మాట వినవచ్చును: “గాలి వీచినది.” గెలిచినవారు అది తమ గాలి యందురు. ఓడినవారు ఎదురుగాలి యందురు. ఇరువురకును ఆ మాట హాయిగనే యుండును. గాలిని కారణ మడుగువారు లేరు గదా!

ఈ మాటలో సత్య మెంతయో శ్రీకాకుళ, విజయనగర సీమలను చూచి తెలిసికొనవచ్చును. పైపైని చూచిన గాలి యనియే తోచును. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో 10, ఉమ్మడి విజయనగరం జిల్లాలో 9, వెరసి 19 శాసనసభా స్థానములు. 2019లో వానిలో 17 వై.యస్.ఆర్. కాంగ్రెసునకు దక్కినవి. విజయనగరం జిల్లాలో తెలుగుదేశమునకు ఒక్క స్థానమైనను మిగులలేదు. 2024 మే 13న మరల పోలింగు జరిగినది. జూన్ 4న లెక్కింపు ముగియునప్పటికి 19 స్థానములును తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పక్షముల కూటమి వశమైనవి. ఆమదాలవలసలో శాసనసభాపతి తమ్మినేని సీతారాం, శ్రీకాకుళంలో రెవిన్యూ మంత్రి ధర్మాన ప్రసాదరావు, చీపురుపల్లిలో విద్యామంత్రి బొత్స సత్యనారాయణ ఓడిపోయిరి.

అయినను గాలికి వివేచన యుండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానముపై విరుచుకొనిపడిన నాడు కొబ్బరి, జీడిమామిడి అను భేద మెంచలేదు. ఓటరు అట్టివాడు కాడు. 2019లో శ్రీకాకుళం లోకసభ నియోజకవర్గమునందలి ప్రజలు ఒకే దినమున, ఒకే గదిలో రెండు ఓట్లు వేసిరి. అందలి 7 శాసనసభా స్థానములలో 5 వై.యస్.ఆర్. కాంగ్రెసున కిచ్చిరి. లోకసభకు మాత్రము తెలుగుదేశపు అభ్యర్థి రామ్మోహన్ నాయుడును 6,653 ఓట్ల ఆధిక్యముతో పంపిరి. ఒక మీట నొక్కి, రెండవ మీట యొద్ద మరల యోచించినవారు వేలకొలది యుండిరన్నమాట. గాలి యీ పని చేయగలదా?

ఇది నేటి వివేకము కాదు. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోకసభ నియోజకవర్గమున, కేంద్రములో కార్మికమంత్రిగా పనిచేసిన శ్రీ వి.వి. గిరి గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొర చేతిలో 565 ఓట్ల తేడాతో ఓడిరి. వివాదము సుప్రీంకోర్టు వరకు పోగా, 1959లో సూరిదొర ఎన్నికయే నిలిచినది. 1969లో రాష్ట్రపతి కాగల పురుషునకు కూడ ఆనాడు పెద్దపేరు రక్ష కాలేదు.

మరి 17 స్థానములు, 19 స్థానములు ఒకే వైపున కెట్లు పోయినవి? దీనికి గణితోపాధ్యాయుడు సమాధానము చెప్పగలడు. 2019లో రాష్ట్రమంతట తెలుగుదేశమునకు నూటికి 39 ఓట్లు వచ్చినవి. 175 స్థానములలో దక్కినవి 23. 2024లో వై.యస్.ఆర్. కాంగ్రెసునకును నూటికి 39 ఓట్లే, దక్కినవి 11. పదిమందిలో నలుగురు రెండు మారులును ఓడినవారితోనే యుండిరి. ఒక్క ఓటు అధికముగ వచ్చినను స్థానమంతయు గెలిచినవానిదే యగు పద్ధతిలో చిన్న మొగ్గు పెద్ద ప్రభంజనముగ కనబడును.

గాలి యను మాట వలన కలుగు అసలు నష్ట మేమనగా, ప్రశ్న మూతపడును. ఉద్దానపు మూత్రపిండ వ్యాధి తరతరముల గోడు. పలాసలో పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి, ఆ ప్రాంతమునకు మంచినీటి పథకము 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. ఆరు నెలలైనను నిండకముందే పలాసలో నాటి మంత్రియే ఓడిరి. పరిపాలనా రాజధాని విశాఖపట్టణమునకు వచ్చునని చెప్పినను, దాని పొరుగుననున్న యీ సీమ చలింపలేదు. ఏల? ఓడినవారు దీనిని ఇంటింట అడిగి తెలిసికొనవలెను. గెలిచినవారు అంతకంటె శ్రద్ధగ అడుగవలెను; 17 స్థానము లిచ్చిన చేయియే అయిదేండ్లకు వానిని తిరిగి తీసికొనినది. చెన్నపట్టణమునకు, హైదరాబాదునకు వలసపోయిన కూలీలు పోలింగు దినమునకు స్వగ్రామములు చేరుకొనిరి. వారు గాలికి కొట్టుకొని వచ్చినవారు కారు. రోజుకూలి వదలుకొని, టిక్కెట్టు కొనుక్కొని వచ్చినవారు.

పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పామరుల పలుకునకును వ్యాకరణ మున్నదని లోకమునకు చాటెను. ఆ పలుకునకు వ్యాకరణ మున్నప్పుడు ఆ ప్రజల తీర్పునకు మాత్ర ముండదా? ఫలితముల మరునాడు తరగతిలో ఉపాధ్యాయుడు ఎవరు గెలిచిరని యడుగుట చాలదు. ఏ యూరి వారు ఏమి కోరిరి, ఎవరి మాట నమ్మలేదు, ఏల నమ్మలేదు అని విద్యార్థులచేత విచారింపజేయవలెను. నేటి విద్యార్థియే రేపటి ఓటరు. గాలి యని చెప్పి తప్పించుకొనువారిని కారణ మడుగుట అతడు బడిలోనే నేర్చుకొనవలెను.