తాళం గేటుకా, నోటికా?

కాలేజీల్లో, హాస్టళ్ళలో "సెక్యూరిటీ" అనే మాట వినపడగానే నాకో అనుమానం వస్తుంది. అసలు ఎవర్ని, ఎవర్నుంచి కాపాడుతున్నారు? గేటుకి తాళం, ఔటింగ్ పాసు, ఫోన్ల మీద నిషేధం, వరండా నిండా కెమెరాలు... ఇవన్నీ బయటివాళ్ళు లోపలికి రాకుండానా, లోపలి సంగతులు బయటికి పోకుండానా?

బాసర ట్రిపుల్ ఐటీ సంగతే తీసుకుందాం. మన ఆఫీసుల్లో అక్కడ చదివొచ్చినవాళ్ళు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. 2008లో పెట్టినప్పుడు ఉద్దేశం బంగారంలాంటిది. పల్లెటూరి సర్కారు బళ్ళలో పదో తరగతి బాగా చదివిన పిల్లల్ని తీసుకుని, ఆరేళ్ళు అక్కడే ఉంచి, చేతిలో ల్యాప్‌టాప్ పెట్టి ఇంజినీర్లని చెయ్యడం.

2022 జూన్‌కి వచ్చేసరికి ఆ పిల్లలు వేలమంది, గొడుగులు పట్టుకుని వానలో మెయిన్ గేటు దగ్గర బైఠాయించారు. దాదాపు వారం రోజులు. డిమాండ్లు 12. రెగ్యులర్ వీసీ కావాలి, ఆయన క్యాంపస్‌లోనే ఉండాలి. పాఠాలు చెప్పేవాళ్ళు సరిపడా ఉండాలి. మెస్సు బాగుపడాలి. హాస్టళ్ళకి రిపేర్లు చెయ్యాలి. ల్యాప్‌టాప్‌లు, యూనిఫారాలు ఇవ్వాలి. గమనించారా? పరీక్షలు తేలిక చెయ్యమనో, ఏసీ గదులు కావాలనో ఎవరూ అడగలేదు. పెట్టినప్పుడు ఇస్తామన్నవే ఇమ్మన్నారు.

దానికి మొదట దొరికిన జవాబు ఏంటంటే, గేటు దగ్గర పోలీసులు. అప్పుడు పీసీసీ అధ్యక్షుడిగా ఉన్న రేవంత్ రెడ్డి పిల్లల్ని కలవడానికి గోడ దూకి లోపలికి వెళ్ళాల్సొచ్చింది. రాజకీయం సంగతి పక్కన పెట్టండి. ఒక యూనివర్సిటీలో పిల్లలతో మాట్లాడాలంటే గోడ దూకడం తప్ప దారి లేకపోవడమేంటి? చివరికి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి వచ్చి, రాత్రిపూట కూర్చుని మాట్లాడితే గొడవ సద్దుమణిగింది. అంటే పోలీసులు వారం రోజులు చెయ్యలేని పని, కొన్ని గంటల మాటలు చేశాయన్నమాట! ఆ తర్వాత నెల తిరక్కుండానే, జూలైలో, అదే మెస్సులో తిన్న పిల్లలు చాలామంది ఫుడ్ పాయిజనింగ్‌తో ఆసుపత్రి పాలయ్యారు. పిల్లల 12 డిమాండ్లలో మెస్సు కూడా ఉందని మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా.

మన భాషలో చెప్పాలంటే, యూజర్లు టికెట్లు పెడుతున్నారని వాళ్ళ లాగిన్‌లు ఆపేసి, "ఓపెన్ టికెట్లు సున్నా" అని క్లయింటుకి రిపోర్టు పంపడం లాంటిది ఇది :) మన దగ్గర ఎవడైనా అలా చేస్తే ఆ వారమే ఉద్యోగం ఊడుతుంది. హాస్టళ్ళలో మాత్రం దాని పేరు డిసిప్లిన్.

ప్రైవేటు రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల సంగతి ఇంకా అన్యాయం. చాలాచోట్ల ఇంటికి ఫోన్ చేసేది వారానికోసారి, అదీ వార్డెన్ పక్కన నిలబడి ఉండగా. "ఎలా ఉన్నావు రా?" అంటే "బాగానే ఉన్నా నాన్నా" అనక ఇంకేమంటాడు? సాంబారులో పురుగులొచ్చాయనీ, వందమందికి నాలుగు బాత్రూములనీ, రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదనీ ఎవరికి చెప్పుకుంటాడు?

పదిహేనేళ్ళ పిల్లల్ని గాలికొదిలెయ్యమంటావా అని మీరు అడగొచ్చు. అస్సలు కాదు. వాచ్‌మన్ ఉండాలి, వచ్చిపోయేవాళ్ళ లెక్క ఉండాలి, ఆడపిల్లల హాస్టల్ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. నేననేది ఒక్కటే. ఏ రూల్ పెట్టినా దాన్నొక చిన్న ప్రశ్న అడగండి: దీనివల్ల పిల్లాడికి ప్రమాదం తగ్గుతోందా, లేక యాజమాన్యానికి తలనొప్పి తగ్గుతోందా? రాత్రి గ్రిల్లుకి బయటినుంచి తాళం వేస్తున్నారు సరే, మంటలొస్తే ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉంటుంది?

2025 జూలైలో సుప్రీంకోర్టు దీనిమీద దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో వచ్చిన తీర్పది. అందులో మేడల మీదకి వెళ్ళే దారులు మూసెయ్యమనీ, ఫ్యాన్లు మార్చమనీ ఉంది. వందమంది, ఆపైన విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలనీ, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దనీ కూడా ఉంది. నా భయం ఏంటంటే, ఇందులో మొదటి రెండూ జరిగిపోతాయి. ఇనప సామాను కొంటే బిల్లు వస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించొచ్చు. పిల్లలు చెప్పేది కూర్చుని వినే మనిషికి మాత్రం నెలనెలా జీతమివ్వాలి, పైగా ఆయన చెప్పేది యాజమాన్యం కూడా వినాలి!

ఇందులో మన పాత్ర కూడా ఉంది. తమ్ముడికో, మేనకోడలికో ఫీజు కట్టేది చాలా ఇళ్ళలో మనమే. అడ్మిషన్‌కి వెళ్ళి కిందటేడు ర్యాంకులెన్ని వచ్చాయని అడుగుతాం, "స్ట్రిక్టేనా?" అని అడిగి మరీ సంతోషిస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు ఇంకో మూడు అడగండి. కౌన్సెలర్ ఎవరు, ఒకసారి కలవొచ్చా? పిల్లాడు ఒంటరిగా ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా? చెప్పకుండా వచ్చి మెస్సులో ఓ పూట భోంచెయ్యొచ్చా?

మూడోదానికి "కుదరదండీ, సెక్యూరిటీ ప్రాబ్లం" అంటే, ఆ సెక్యూరిటీ ఎవరికో మీకే అర్థమవుతుంది.