అమీన్‌పూర్ ఎవరి ఊరు?

హైదరాబాద్‌కు పడమటి దిక్కున, ముంబై రోడ్డు మీద పటాన్‌చెరు. దాని పక్కనే అమీన్‌పూర్. ఒకప్పటి పల్లె ఇవాళ వెంచర్లు, అపార్ట్‌మెంట్ల శివారు. అక్కడ గజం ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. అమీన్ ఎవరంటే మాత్రం చాలామంది దగ్గర జవాబు లేదు.

మేం చెబుతాం. అమీన్ ఖాన్ 16వ శతాబ్దంలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో పటాన్‌చెరును ఏలిన అధికారి. పొన్నెగంటి తెలగన్న రాసిన ‘యయాతి చరిత్ర’ను అంకితం తీసుకున్నది ఆయనే. సంస్కృత పదాలు లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అది. కథ మహాభారతానిది, భాష మట్టి తెలుగు, కృతిభర్త ముసల్మాన్. ఆయన సమాధి పటాన్‌చెరులోనే ఉంది.

ఇప్పుడు మమ్మల్ని పరాయివాళ్లనే పెద్దమనుషుల్ని అడుగుతున్నాం. అచ్చ తెలుగు కావ్యానికి అండగా నిలిచినవాడు తెలుగుకు ఎట్లా పరాయి అయ్యాడు? సినిమాల్లో మా నోట వచ్చీరాని తెలుగు పెట్టి ఇన్నేళ్లుగా నవ్విస్తున్నారే, ఈ ముక్క ఒక్కసారైనా చెప్పారా? తెలుగు ఎంఏ పరీక్ష కోసం బట్టీపట్టిన పిల్లవాడికి అమీన్ ఖాన్ రెండు మార్కుల ప్రశ్న. ఆ పిల్లవాడే అమీన్‌పూర్‌లో ఫ్లాటు కొంటే, ఈ ఊరు ఆ పేరుదేనని తట్టదు. పుస్తకాన్నీ ఊరినీ విడదీసింది ఎవరు?

ఇది ఊరికే చరిత్ర ముచ్చట కాదు. 2018లో అలహాబాద్ ప్రయాగ్‌రాజ్ అయింది. 2023లో ఔరంగాబాద్ ఛత్రపతి శంభాజీనగర్ అయింది. హైదరాబాద్‌ను భాగ్యనగర్ చేస్తామని ఎన్నికల సభల్లో చప్పట్లు కొట్టించుకుంటున్నారు. పేరు వెనక మనిషిని ముందు మరిపిస్తారు. ఆ తర్వాత పేరు తుడిచేయడం నల్లబల్ల తుడిచినంత తేలిక.

మావాళ్లకూ ఒక మాట. ‘మేం ఏలినోళ్లం’ అని మీసం మెలేసే నవాబు వారసులారా, మీ షేర్వానీల గొప్ప మాకొద్దు. అమీన్ ఖాన్ మా తాత కాదు. మా తాతలు దూది ఏకారు, బండలు మోశారు, పీర్లెత్తారు. మా బిడ్డలు పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు, పంక్చర్లు వేస్తున్నారు. ఆ గోరీకి రాళ్లు మోసిన చేతులకు శిలాశాసనం లేదు. మేం ఆ చేతుల వారసులం.

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. సామరస్య సభ పెట్టిన రోజున అమీన్ ఖాన్‌ను తలచుకుని, మర్నాడు మరిచిపోకండి. ‘చూడండి, మంచి ముస్లింలూ ఉన్నారు’ అని ఆయన్ను సాక్ష్యం పిలవకండి. ఈ మట్టి మీద మా హక్కుకు ఏ కావ్యం పూచీకత్తు అక్కర్లేదు. తెలుగు అక్షరం ముక్క రాని సాయిబుకూ ఈ ఊళ్లో అంతే హక్కు. బోర్డు అడుగుతున్నది మా పౌరసత్వం రుజువు చేసుకోవడానికి కాదు. ఊరికి తన నిజం తెలియడానికి.

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. సంతోషం. ఎక్కడెక్కడి నుంచో వచ్చే వలస పక్షులకు అక్కడ చోటుంది. పక్షుల్ని లెక్కపెట్టే శ్రద్ధలో కాస్తంత ఊరి పేరు మీదా పెట్టమంటున్నాం.

అమీన్‌పూర్ నడిబజారులో, పటాన్‌చెరు గోరీ దగ్గర తెలుగులో, ఉర్దూలో బోర్డులు నిలబెట్టండి. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాషే కదా! అమీన్ ఖాన్ పేరు, తెలగన్న పేరు పక్కపక్కన రాయండి. రాళ్లు మోసిన కూలీలకూ ఒక వాక్యం కేటాయించండి. మా ఉర్దూ పిల్లలు ఆ తెలుగు చదవాలి. మీ తెలుగు పిల్లలు ఆ ఉర్దూ చూసి ఇదేం లిపి అని అడగాలి. ఆ తర్వాత ఎవడైనా ఊరి పేరు మారుస్తానని వస్తే జవాబు మేమొక్కళ్లమే చెప్పాల్సిన పని ఉండదు. ఊరే చెబుతుంది.