కృష్ణాజలాశయముపై ఒక రాత్రి

మన స్త్రీలకు ప్రయాణమనగా పుట్టినింటికి పోవుట, పురిటికి పోవుట, పెండ్లికి పోవుట, పుణ్యక్షేత్రమునకు పోవుట. ఈ నాలుగింటిలో నొక కారణము లేనిదే మనము గడప దాటుట యరుదు. ఏ మ్రొక్కుబడియు లేక, నెచ్చెలితో గూడి నీటిని చూచి వత్తునని చెప్పినచో ఇంటిలోనివారు ముందు నవ్వుదురు, పిమ్మట "తోడెవరు?" అని యడుగుదురు. ఆడుదానికి ఆడుదియే తోడు కాగలదన్న మాట ఇంకను పలువురి చెవి కెక్కలేదు.

అయినను మేమిరువురము పోయిన పనికి కారణము లేకపోలేదు. సికింద్రాబాదులో వేకువనే కుళాయి క్రింద బిందె పెట్టు ఇల్లాండ్రలో ఆ నీరెక్కడిదని తలపోయువారెందరు? మన జంటనగరములలో కొన్ని వీథులకు మంజీరనుండియు, కొన్నింటికి గోదావరినుండియు, పెక్కింటికి కృష్ణనుండియు నీరు వచ్చుచున్నది. నాగార్జునసాగర జలాశయపు టొడ్డున పుట్టంగండివద్ద నీటిని తోడి, అక్కంపల్లి జలాశయమున నిలిపి, కోదండాపురమున శుద్ధిచేసి, నూరు కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో మన యూరి కెక్కించుచున్నారు. ఈ యేర్పాటు 2004లో మొదలైనది. నీరు పల్లమెరుగునందురు, ఈ నీటికి మనము మిట్టను గూడ నేర్పినాము. దినదినము మనకొరకు ఇంత దూరము ఎక్కివచ్చు నీటిని, ఒక్కసారియైనను మనము దిగిపోయి చూడవలదా?

దేవరకొండ దాటిన పిమ్మట నేల రంగు మారును. ఎఱ్ఱని మన్ను, నల్లని బండలు, ముళ్లపొదలు, వానకై కాచుకొనియున్న కందిచేలు. బావినీటిలోని ఫ్లోరైడు వలన ఈ నల్లగొండ సీమలో పండ్లు పచ్చబడినవారిని, ఎముకలు వంగినవారిని మనము ఎరుగుదుము. అట్టి యెండు నేల నడుమ, కొండల మలుపు తిరుగగనే అంతులేని నీలిజలము కన్నులకు గట్టును. అమెరికాలో కొలరాడో నదిపై ఆనకట్ట కట్టగా, ఎడారిలోని యెఱ్ఱరాతి లోయలు నిండి పావెల్ సరస్సు ఏర్పడినది. అచటివారు పడవలలో రోజుల తరబడి తిరిగి, చీకటిపడిన చోట ఒడ్డున గుడారము వేసికొందురట. ఆ సరస్సు 1963లో నిండ నారంభించినది. మన సాగరమునకు నెహ్రూ పండితుడు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేయగా, 1967లో కాలువలకు నీరు వదలిరి. రెండును ఇంచుమించు ఒక యీడు బిడ్డలే.

ఈ జలాశయపు టొడ్డున వైజాగ్ కాలనీయను పల్లె గలదు. విశాఖపట్టణపు సీమనుండి వలసవచ్చిన జాలరులను బట్టి దానికా పేరు. పుష్యమాసపు ఎండలో మేము అచటికి చేరి, ఒక జాలరి యింట మోటారుపడవ మాటాడుకొంటిమి. ఆతని యిల్లాలు మమ్ము ఎగాదిగా చూచి, "మగోళ్లు రానేదేటమ్మా?" అని యడిగినది.

నా నెచ్చెలి నవ్వి, "నువ్వు రోజూ నీళ్లలోకి వెళ్తావు కదా అక్కా, నీకు తోడెవరు?" అన్నది.

"మా మావా నానూ ఒకే పుట్టిలో ఎల్తాం. ఆడు తెడ్డేత్తే నాను వలేత్తాను. గాలొత్తే ఇద్దరం ఒడ్డుకొచ్చేత్తాం. గాలి ఆడా మగా సూడదమ్మా!"

ఆ మాటలోని సత్యము మాకు మధ్యాహ్నముననే తెలిసినది. పడవ నడుమకు పోవుసరికి, అంతవఱకు అద్దమువలె నున్న నీరు ముడుతలు పడసాగెను. కొండల సందునుండి వచ్చు గాలి చెప్పిరాదు. మేము చూడగోరిన ఇరుకులోయ ఇంకను ముందున్నది. జాలరి ఇంజను తగ్గించి, "ఇంక ముందుకొద్దమ్మా" అనెను. నా నెచ్చెలి మారుమాట లేక తలయూచినది. ఇంత దూరము వచ్చితిమే, డబ్బిచ్చితిమే యని ఆమె యనలేదు. నీటిపై తోడనగా నాకు అప్పుడు తెలిసినది: ధైర్యము చెప్పునది కాదు, తిరిగిపోదమనిన వెంటనే ఒప్పుకొనునది.

ఊరికి దాపుననే, ఊరివారు చూపిన మెట్టపై గుడారము వేసితిమి. జాలరి యిల్లాలు బొచ్చెచేప పులుసు పంపినది; నేను తెచ్చిన పులిహోర ఆమె పిల్లల కిచ్చితిని. రాత్రి గాలి పడిపోయినది. దీపమార్పగా ఆకాశమంతయు నీటిలోనికి దిగినది. సికింద్రాబాదులో మేము ఏండ్ల తరబడి చూడని నక్షత్రములను ఆ రాత్రి లెక్కింప మొదలిడి, నిద్రలో విడిచితిమి.

ఈ జలాశయపు దిగువభాగమున, ఆనకట్టకు చేరువను, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీటి యడుగున నున్నది. 1954 మొదలు 1960 వఱకు అచట త్రవ్వి, దొరకిన కట్టడములలో కొన్నింటిని నేడు ద్వీపమైన నాగార్జునకొండపైకిని, కొన్నింటిని అనుపునకును చేర్చి మరల నిలిపిరి. ఆ త్రవ్వకములలోని శాసనములందు స్త్రీల పేరులే మిక్కుటము. చాంతమూల మహారాజు చెల్లెలు శాంతిశ్రీ, వీరపురుషదత్తుని యాఱవ పాలనవర్షమున మహాచైత్యమునకు శిలాస్తంభములు నిలిపినది. బోధిశ్రీయను ఉపాసిక సింహళదేశపు భిక్షువులకై చైత్యగృహము కట్టించినది. వీరపురుషదత్తుడు మేనత్తల కూతుండ్రను పెండ్లాడెనని గూడ ఆ రాళ్లే చెప్పుచున్నవి. మన మేనరికము నేటిది కాదు! పదునేడువందల యేండ్లనాటి స్త్రీ ఈ లోయలో నిట్టి గుఱుతును విడిచినది.

మేమేమి విడుచుచున్నాము? తెల్లవారగనే ఒడ్డున కనబడినదిది: నీటిసీసాలు, పలహారపు పొట్లములు, కాగితపు పళ్లెరములు, సబ్బుముక్కలు. బండపై రంగుతో వ్రాసిన పేరులు. జాలరి గోనెసంచి పట్టి సీసాలేరుచు నెమ్మదిగా నిట్లనెను: "పట్నం నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకుంటారు. తాగేసి సీసా ఇక్కడ పడేత్తారు. ఆ నీళ్లు ఇక్కడివే కదమ్మా!"

మేము బదులు చెప్పలేక, వంగి ఏరుటలో చేయి కలిపితిమి. ఇంటిలో త్రాగునీటి బిందెపై మూత లేకున్న మనము కోడలినైన కూతురినైన మందలింతుము, ఎంగిలిచేయి తగులనీయము. ఈ జలాశయము నగరములోని లక్షల యిండ్లకు ఉమ్మడి బిందె. వానలు తప్పి నీటిమట్టము 510 అడుగులకు దిగజారినచో పుట్టంగండివద్ద అత్యవసరపు పంపులు దింపవలసివచ్చును. అడుగంటిన బిందెలో మలినము చిక్కబడునని మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పోదలచిన సోదరీమణులకు కొన్ని మాటలు. కార్తికమునుండి మాఘమువఱకు అనుకూలమైన కాలము. ఉదయమే పడవ యెక్కి, గాలి లేచులోపల ఒడ్డు చేరుడు. లైఫ్ జాకెట్టు లేని పడవ యెక్కకుడు. చీరపై బాగుండదని విడువకుడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద గోదావరిలో పడవ మునిగి ఎందఱు పోయిరో మఱువరాదు. ఎగువనున్న నల్లమల పులుల రక్షితారణ్యము. అనుమతి లేక అచట దిగరాదు. నీటిలో మొసళ్లు గలవు గనుక సందెవేళ స్నానము వలదు. టార్చిలైటు, దుప్పటి, మందులు, పాతగుడ్డసంచి తీసికొనిపోవుడు. ఆ సంచి తిరిగివచ్చునపుడు నిండియుండవలెను. తీసికొనిపోయిన ప్రతి పొట్లమును మఱల ఇంటికి తెండు.

మఱునాటి వేకువ మా వీథిలో నీరు వదలిరి. పొరుగింటావిడ బిందె నిండి పొరలుచుండగా మాటలలో నుండెను. నేను పోయి కుళాయి కట్టితిని. "ఎందుకమ్మా అంత తొందర?" అని యామె యడుగగా, ఆ నీరెక్కడనుండి ఎక్కివచ్చినదో చెప్పితిని. వచ్చు పుష్యమాసమున తానును వత్తుననుచున్నది.