విల్లుకు రెండు రెక్కలు

దసరా నాటకంలో రామలక్ష్మణులకు ఈసారి అట్టముక్కల విల్లులు వద్దనీ, నిజంగా వంగే కర్ర విల్లులే చేద్దామనీ సభ్యులు కొందరు ఉత్సాహపడుతున్నారు. సంతోషమే. అయితే వైద్యవృత్తిలో ఉన్న మా చూపు బాణం మీద కాక, లాగినప్పుడు విల్లు విరిగితే ఆ పేడు ఎటు ఎగురుతుందన్న దాని మీద పడుతుంది. పిల్లవాడి కన్ను అక్కడికి దగ్గరలోనే ఉంటుంది మరి!

విల్లు విరగడానికి తరచు కారణం రెండు రెక్కలూ సమంగా వంగకపోవడం. పిడికి పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. ఒకటి మొండికేస్తే దాని వంతు కూడా రెండోదే వంగాలి. ఉమ్మడి కుటుంబం ఎరిగినవారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు. కనుక గీకవలసింది మొండి రెక్కను. అదీ మనవైపు ఉండే ముఖాన్నే. ఎదుటి ముఖం సాగే వైపు, అక్కడ పీచు తెగితే విల్లు పోయినట్లే.

పిడిని గోడకు ఆనించి బిగించి, నారిని కొద్దికొద్దిగా కిందికి లాగుతూ దూరం నుంచి వంపు చూడాలి. నాలుగు గీట్లు గీకి, ముప్పైసార్లు మెల్లగా లాగి వదిలి, మళ్లీ చూడాలి. తొందర కూడదు: మందం పదోవంతు తగ్గితే బిగువు నాలుగోవంతుకు పైగా తగ్గుతుంది. బాణం పిడికిలికి పైగా పోతుంది కాబట్టి కింది రెక్కను రవ్వంత బిగువుగా ఉంచుతారు.

మన మన్యంలో కోయలు, కొండరెడ్లు వెదురు బద్దతో విల్లు చేస్తారు. నారి కూడా వెదురు పేలికే. వెదురులో పీచు పైచర్మం దగ్గరే దట్టం, అందుకే ఆ చర్మాన్ని ఎదుటివైపుకు ఉంచి, ముట్టకుండా వదలమంటాము.

ఇక్కడి ఎండ వేరే సమస్య. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. తేమ పోయిన కర్ర బిగుసుకుంటుంది గాని పెళుసెక్కుతుంది. విల్లును కారులో వదిలేయకండి, నారి దించి నీడన ఉంచండి.

బాణం లేకుండా నారి లాగి వదలడం మాత్రం పిల్లలచేత మాన్పించాలి. బాణం తీసుకుపోవలసిన ఊపంతా రెక్కల మీదే పడుతుంది. నాటకానికి సగం లాగి మెల్లగా దించడం నేర్పితే చాలు. ధనుష్టంకారం సంగతి తెరవెనుక మృదంగం వారు చూసుకుంటారు.