ప్లగ్గు పీకితే పల్లె రాదు

మా ఇబ్రహీంపట్నం కరెంటు పుట్టే ఊరు. 1979 నుంచి థర్మల్ స్టేషన్ గొట్టాలు పొగ వదులుతూనే ఉన్నాయి. డాబా మీద ఆరేసిన బట్టలకు బూడిద దులపడం మా ఇళ్లలో రోజూ ఉండే పనే. ఇలాంటి ఊళ్లో కూర్చుని ‘అన్‌ప్లగ్డ్’ సంగీతాన్ని ఆకాశానికెత్తే మాటలు వింటుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త కోపమూ వస్తుంది.

రింగ్ సెంటర్లో టీ తాగుతూ మా బృందం చేసే వాదాల్లో ఇదొకటి. పేరు మోసిన ముసలి రాక్ బ్యాండు ఏదో ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టి, చెక్క గిటారు, ఫిడేలు, మాండొలిన్ పట్టుకుని, అమెరికా పల్లెపట్టుల కంట్రీ బాణీలో రికార్డు చేసిందనుకోండి. తీర్పు తయారుగా ఉంటుంది: ‘ఇన్నాళ్లకు హంగులు వదిలారు, మూలాలకు తిరిగొచ్చారు, నిజాయితీ అంటే ఇదీ.’ మా టీకొట్టు దగ్గరే కాదు, పెద్దపెద్ద సమీక్షకులదీ ఇదే పాట. నేనైతే ఇది తప్పంటాను. ఒట్టి తప్పే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. ఇందులో పల్లె మీద ఒక చులకన దాగి ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు హంగుల సంగతి చూద్దాం. 1967 చివర్లో రోలింగ్ స్టోన్స్ వాళ్లు ‘దెయిర్ సాటానిక్ మెజెస్టీస్ రిక్వెస్ట్’ అని రంగుల కలలాంటి రికార్డు చేసి చీవాట్లు తిన్నారు. మరుసటి ఏడాది ‘బెగ్గర్స్ బాంకెట్’ తెచ్చారు. చెక్క గిటార్లు, పల్లె ఛాయలు. హమ్మయ్య, దారిలో పడ్డారన్నారు అందరూ. ఆ రికార్డులో ‘స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్’ వినండి. ఎలక్ట్రిక్ గిటార్లు గర్జిస్తున్నట్టే ఉంటుంది. నిజానికి బేస్ తప్ప అందులోని గిటార్లన్నీ చెక్కవే. వాళ్ల గిటారిస్టు కీత్ రిచర్డ్స్ చిన్న క్యాసెట్ రికార్డరు ముందు కూర్చుని, పాపం ఆ యంత్రం మోయలేనంత గట్టిగా వాయించి, అలా పగిలిన శబ్దాన్ని స్పీకర్లోంచి వినిపిస్తూ స్టూడియోలో మళ్లీ పట్టించాడు. మరి ఇది సాదా శబ్దమా, యంత్రపు మాయా? రెండూను. ఆ పాట గొప్పతనమే అక్కడుంది.

1993 నవంబరులో న్యూయార్కులో నిర్వాణ అనే రాక్ బ్యాండు చేసిన అన్‌ప్లగ్డ్ కచేరీని నిరాడంబరతకు నిలువుటద్దంగా చూపిస్తారు. ఆ బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ తన అకూస్టిక్ గిటారును యాంప్లిఫయర్ గుండా పోనిస్తేనే గాని వాయించనన్నాడు. యాంప్లిఫయర్ కనబడకుండా ముందు ఏదో పెట్టె అడ్డం పెట్టారు. లోకం మెచ్చిన ఆ ప్లగ్గు లేని కచేరీలో ప్లగ్గు పెట్టె వెనక దాక్కుని ఉంది. ఇందులో మోసమేమీ లేదు. కావలసిన నాదం కోసం కావలసిన పని చేశాడు. నా తగువు ఆయనతో కాదు, ఆ పెట్టెను చూడనట్టు నటించే మెప్పుదలతో.

‘మరి స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ సంగతి?’ అని మా మిత్రుడొకాయన ప్రతిసారీ అదే బాణం వేస్తాడు. పదునైన బాణమే, ఒప్పుకుంటాను. 1982 జనవరిలో న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద ఆ రాక్ గాయకుడు ఒక్కడే పాడుకున్న పాటలవి. తర్వాత బ్యాండుతో స్టూడియోలో ప్రయత్నించాడు, కుదరలేదు. చివరికి ఆ క్యాసెట్టే విడుదల చేద్దామంటే, దాన్ని ఎల్పీ మీదికి ఎక్కించడానికి ఇంజనీర్లు నానా తంటాలూ పడ్డారు. హంతకుల, దిక్కులేనివాళ్ల కథలు చెప్పే ఆ పాటలకు ఆ ఒంటరి గది సరిపోయింది. బ్యాండు మోత అబద్ధమనీ, గది నిజమనీ దానర్థం కాదు. రెండేళ్లకే అదే మనిషి ‘బార్న్ ఇన్ ది యుఎస్ఏ’తో స్టేడియాలు దద్దరిల్లజేశాడు. అప్పుడేం, నిజాయితీ ఇంట్లో మర్చిపోయి వచ్చాడా?

సాదాగా కనబడేదాని వెనక ఎంత పని ఉంటుందో మా వైపు వాళ్లకు ఒకరు చెప్పాలా? పక్కనే కొండపల్లి. ఎడ్లబండి బొమ్మ చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటుంది, పిల్లాడు గీసిన గీతలా కనిపిస్తుంది. తెల్ల పొణికి కర్ర తెచ్చి, తడి పోయేదాకా ఉంచి, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆ పైన రంగు వేస్తేగాని ఆ అమాయకత్వం రాదు. మక్కు కనబడకపోవడమే పనితనం. కనబడలేదు కదా అని లేదనుకునేవాణ్ని ఏమనాలి?

ఇక ‘మూలాలు’. కంట్రీ సంగీతం మట్టిలోంచి మొలిచిన మొక్కట. బాంజో ఆఫ్రికా నుంచి వచ్చిన బానిసల వాద్యం. ఆ జాలిగా జారే స్టీల్ గిటారు హవాయి దీవుల నుంచి వచ్చింది. 1950ల చివర్లో నాష్‌విల్ స్టూడియోలు వయొలిన్ల బృందాలనూ కోరస్‌లనూ దించి ఆ బాణీని పట్నం డ్రాయింగు రూముల్లోకి పంపాయి. ఇప్పుడు మనం పల్లె వాసన అనుకునేదానికీ ఒక మేస్త్రి ఉంటాడు. లెడ్ జెపెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్, గాయని అలిసన్ క్రాస్‌తో కలిసి 2007లో చేసిన ‘రైజింగ్ శాండ్’ రికార్డుకు టి బోన్ బర్నెట్ నిర్మాత. 2025లో బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ తన ఎనభై నాలుగో ఏట తెచ్చిన కంట్రీ రికార్డు ‘లుక్ అప్’కూ ఆయనే. పనిమంతుడు, నమస్కారం పెడతాను. కానీ మేస్త్రి కట్టిన పాకను అడవిలో దానంతటదే మొలిచిందనకండి.

ప్లాంట్ సంగతి వచ్చింది గనక ఇంకో మాట. 1970లో, ఆయనకు ఇరవై ఒక్కేళ్లప్పుడు, ఆయన బ్యాండు వేల్స్ కొండల్లో పాక లాంటి ఇంట్లో పాటలు కట్టుకుని, సగం అకూస్టిక్‌గా మూడో రికార్డు చేస్తే పత్రికలు పెదవి విరిచాయి, ఎవరినో అనుకరిస్తున్నారన్నాయి. యాభై తొమ్మిదో ఏట మెత్తగా పాడితే గ్రామీలు వచ్చిపడ్డాయి. ‘రైజింగ్ శాండ్’ మంచి రికార్డే. అయినా ఈ మెప్పులో కొంత భాగం సంగీతానికి కాదు, వయసుకు. ముసలాయన అరవకుండా ఓ మూల కూర్చుంటే మనకు నిమ్మళం. దానికి పరిణతి అని పేరు.

విజయవాడ రేడియో వినే ఇళ్లలో పెరిగినవాళ్లం. అక్కడ పనిచేసిన రోజుల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ భక్తిరంజనిలో తత్వాలు పాడారు. డెబ్భై రెండు మేళకర్తల్లోనూ కృతులు కట్టిన మనిషి, బైరాగులు పాడుకునే పాటను గొంతుకెత్తుకున్నారు. ఆయన మూలాలకు తిరిగొచ్చారని మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. పాటకు ఎంత కావాలో అంతే వేశారన్నారు. సంగీతం తెలియని మా నాయనమ్మ కూడా ఆ మాటే అనేది, వంటలో ఉప్పు గురించి చెప్పినట్టు.

పల్లె మీద చులకన అన్నాను కదా. పల్లె అంటే సాదా, పేద, నెమ్మది అని ఈ మెప్పుదల ముందే అనేసుకుంటుంది. అసలు పల్లెవాళ్లను ఎవరైనా అడిగారా? కృష్ణ ఒడ్డున ఏ పెళ్లికైనా వెళ్లండి: బాక్సులు కొండల్లా పేర్చి ఉంటాయి. జానపదం పాడే కుర్రాడు కీబోర్డు, ప్యాడ్ లేందే స్టేజీ ఎక్కడు. అతను ప్లగ్గు పెడితే సంస్కృతి నాశనమైందని వ్యాసాలు రాస్తాం. కోటీశ్వరుడైన రాక్ గాయకుడు ప్లగ్గు పీకితే సంస్కృతి తిరిగొచ్చిందని రాస్తాం. పల్లె ఎలా వినబడాలో తేల్చే హక్కు ఎప్పుడూ పల్లె బయటివాడిదే.

కిందటి కార్తీకమాసంలో ఫెర్రీ వైపు, గోదావరి నీళ్లొచ్చి కృష్ణలో కలిసే సంగమం దగ్గర, ఆడవాళ్ల కోలాటం చూశాను. పాట చెప్పే పెద్దావిడకు డెబ్భై ఏళ్లుంటాయి. గొంతు కంచులా ఉంది, మైకు లేకున్నా అవతలి ఒడ్డుకు వినబడేలా. రెండు చరణాలయ్యాక ఆపి, సౌండు కుర్రాడి వైపు తిరిగింది.

‘అబ్బాయ్, ఆ ఎకో ఇంకాస్త పెంచు నాయనా.’