ఒక్క కేసుతో కొలువు పోవాలా?

‘ప్రజా భద్రత ముఖ్యమా? మానవ హక్కులు ముఖ్యమా?’ గ్రూప్స్‌కో సివిల్స్‌కో ప్రిపేరయ్యేవాళ్లు ఈ టాపిక్‌పై ఎప్పుడో ఒకప్పుడు వ్యాసం రాసే ఉంటారు. 19, 21 అధికరణలు ప్రస్తావించి, ‘రెండూ అవసరమే’ అని ముగించేస్తాం. కానీ ప్రశ్న ఎగ్జామ్‌ హాల్లోనే ఆగిపోదు. సెలక్షన్‌ లిస్టులో పేరొచ్చాక అటెస్టేషన్‌ ఫామ్‌లో మళ్లీ ఎదురవుతుంది: ‘మీపై ఎప్పుడైనా క్రిమినల్‌ కేసు నమోదైందా?’

ఫీజు రీయింబర్స్‌మెంట్‌ కోసమో, నోటిఫికేషన్ల కోసమో రోడ్డెక్కిన విద్యార్థిపై అనుమతి లేకుండా గుమిగూడారని కేసు పెట్టారనుకుందాం. సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. అతను మరచిపోతాడు. రికార్డు మాత్రం మరచిపోదు.

అలాగని వెరిఫికేషనే వద్దనలేం. ఒకరి చేతికి తుపాకీ ఇచ్చేముందు ప్రభుత్వం అతని గతం చూడాల్సిందే. అది మనందరి భద్రత. అయితే ఆ చూపు ఎంతదూరం పోవాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి సుప్రీంకోర్టు 2016లో అవతార్‌ సింగ్‌ కేసులో దారి చూపింది. అరెస్టు, కేసు, శిక్ష ఏదైనా సరే అభ్యర్థి నిజమే చెప్పాలి. అదే సమయంలో, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసుల్లో చెప్పకపోయినా ఆ తప్పును మన్నించే విచక్షణ యాజమాన్యానికి ఉందంది. స్వల్ప కేసు పెండింగ్‌లో ఉన్నట్టు నిజాయతీగా చెప్పినవారిని, తుది తీర్పుకు లోబడి నియమించుకోవచ్చని కూడా చెప్పింది.

చిక్కంతా ఆ ‘విచక్షణ’ దగ్గరే. అది అధికారి చేతిలో ఉంది. కేసేమో కోర్టులో ఏళ్ల తరబడి నలుగుతుంది. ఈలోగా వయోపరిమితి దాటిపోతే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పిన 2017 పుట్టస్వామి తీర్పు ఇక్కడ కొలబద్దగా పనికొస్తుంది. హక్కుకు కోత పెట్టాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ కోత అవసరానికి మించకూడదు. ధర్నాలో కూర్చున్నవాణ్ని, దాడి చేసినవాణ్ని ఒకే గాటన కట్టడం మూడో పరీక్షలోనే ఫెయిలవుతుంది. అందుకే స్వల్ప నిరసన కేసులను గడువు పెట్టి తేల్చాలి. కొలువు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అంతకంటే ముందు అభ్యర్థి మాట వినాలి. వీటివల్ల భద్రతకు వచ్చే లోటేమీ లేదు.

మనవైపు నుంచీ ఒక బాధ్యత ఉంది. కేసుంటే దాచొద్దు. ఎఫ్‌ఐఆర్‌ కాపీ, కోర్టు ఉత్తర్వుల సర్టిఫైడ్‌ కాపీలు ఫైల్లో భద్రంగా పెట్టుకోండి. చిన్న కేసు కంటే దాచిన కేసే ఎక్కువ ముంచుతుంది. నిజం చెప్పడం అభ్యర్థి వంతు. ఆ నిజాన్ని శిక్షగా మార్చకపోవడం ప్రభుత్వం వంతు.