'గ్రేడ్ వన్' అన్న ఊరడింపు

మధుమేహం ఉన్న మీరు ఎప్పుడో ఒకనాడు పొట్టకు స్కానింగ్ చేయించుకునే ఉంటారు. రిపోర్టు చివర 'గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్' అని ఉంటుంది. "ఈ రోజుల్లో అందరికీ ఉండేదేనండీ" అంటూ వైద్యులు ఒక లివర్ టానిక్ రాసి పంపుతారు. ఈ ఊరడింపునే నేను తప్పుపడుతున్నాను.

ఆ గ్రేడు కాలేయంలో చేరిన కొవ్వును గురించి మాత్రమే చెబుతుంది. అసలు ముప్పు ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పేరుకునే మచ్చ వల్ల, అంటే ఫైబ్రోసిస్ వల్ల. అది ముదిరితే సిర్రోసిస్. గ్రేడ్ వన్ వారికి మచ్చ ఉండవచ్చు, గ్రేడ్ త్రీ వారికి లేకపోవచ్చు. "తాగనివాడికి లివర్ జబ్బేమిటి?" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరంలో కొవ్వు కణాలు వదిలిన కొవ్వు కాలేయానికి చేరుతుంది. మిగులు చక్కెరను కాలేయం తానే కొవ్వుగా మారుస్తుంది. దీనికి మద్యంతో పని లేదు.

మచ్చను అంచనా వేయడానికి ఖరీదైన పరీక్షతో మొదలుపెట్టనక్కరలేదు. ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయస్సును ఎస్.జి.ఓ.టి.తో గుణించండి. వేలల్లో చెప్పే ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్.జి.పి.టి. వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండవదానితో భాగించండి. 58 ఏళ్ల మనిషికి ఎస్.జి.ఓ.టి. 40, ఎస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు 1,60,000 అనుకుందాం. రిపోర్టులో ఒక్క అంకె కిందా ఎర్రగీత పడదు. లెక్క మాత్రం 2.4 వస్తుంది! 1.3 లోపు ఉంటే ప్రస్తుతానికి ముప్పు తక్కువ; 65 దాటినవారికి ఆ హద్దు 2. హద్దు దాటితే మచ్చ ఉన్నట్లే అని కాదు, ఫైబ్రోస్కాన్ వంటి పరీక్షతో తేల్చుకోవాలని అర్థం.

2021లోనే కేంద్ర ప్రభుత్వం ఈ వ్యాధిని అసంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. చేర్చినంత మాత్రాన చాలదు. కంటినీ, కిడ్నీనీ ఏటా చూపించుకోమని చెప్పే మనం కాలేయాన్ని ఎందుకు వదిలేస్తున్నాం?

ఇక టానిక్ సంగతి. మచ్చను అది కరిగిస్తుందనడానికి ఆధారం లేదు. అధిక బరువు ఉన్నవారు అందులో నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయి. కొందరిలో మచ్చ కూడా వెనక్కు తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అది 6 నుంచి 8 కిలోలు. ఈసారి టానిక్ చీటీ చేతికిచ్చినప్పుడు "నా ఫిబ్-4 ఎంతండీ?" అని అడగండి. తీరిక లేదంటే లెక్క మీరే వేసి బల్లమీద పెట్టండి.